ఆ చేత్తోనే ఇవ్వు

కిషన్‌బాగ్, హైదరాబాద్
14 నవంబరు 2024

సుజన మేడమ్‌కు సలాములు.

మీరు ఉట్నూరు వెళ్లే రోజు కొత్త అడ్రసు రాసి, స్టాంపులు అంటించి ఆరు కవర్లు నా చేతిలో పెట్టారు గుర్తుందా? వాటిలో మొదటిది ఇది. "ఫోన్ చేస్తే ఊకోను, ఉత్తరమే రాయాలె. నువ్వు రాస్తుంటే కాగితం జరగకుండ ముస్కాన్ ఎడమ చేత్తో పట్టుకోవాలె" అని మీరు పెట్టిన షరతు తప్పలేదు. నా బిడ్డ ఇప్పుడు ఎదురుగా కూర్చుని పట్టుకుంది. పట్టుకుందంటే, పిడికిలి మొత్తం కాగితం మీద పడేసింది. అందుకే అక్షరాలు గుట్టలెక్కి దిగుతున్నాయి. షాద్‌నగర్‌లో తెలుగు మీడియం చదివినదాన్ని, నా దస్తూరీ ఇంత చెడ్డది కాదని మీరు నమ్మాలి.

ఫిజియోథెరపీ సెంటర్‌లో మీ చోటికి వెస్లీ సర్ వచ్చారు. వచ్చిన వారానికే ఒక మిషన్ తెప్పించారు. కళ్లకు పెద్ద డబ్బా కడతారు, రెండు చేతులకూ చెరో పిడి పట్టీతో బిగిస్తారు. అది పెట్టుకున్న పిల్లకు గది కనబడదు, ఇంకో లోకం కనబడుతుంది. ఆ లోకంలో ఏం జరుగుతుందో పక్కన లాప్‌టాప్‌లో మాకూ కనబడుతుంది. వీఆర్ ఆటలు అంటారట. పిల్లలకు మాత్రం అది డబ్బానే.

మొదటిరోజు ఆకాశం నిండా బెలూన్లు. ఎడమ చేత్తో అందుకుంటేనే పగులుతాయి. మీరు మూడేళ్లు బతిమాలినా భుజం దాటని చెయ్యి మేడమ్, చెవి దాకా లేచింది! తర్వాత ఒక కుందేలు వచ్చి నోరు తెరిస్తే దానికి క్యారెట్ అందించింది. "అమ్మీ, అది నా చేతిల నుంచే తిన్నది" అని ఇంటికొచ్చేదాకా అదే పాట. ఎనిమిదేళ్లలో ఆ చేతి గురించి ముస్కాన్ గొప్పలు చెప్పుకోవడం ఇదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, ఆటోలో ముఖం పక్కకు తిప్పుకున్నాను.

మా అత్తమ్మ షౌకత్ బీ సంగతి మీకు తెలిసిందే. "గాలిల చేతులు ఊపితే నరాలు సీదా అయితయా? గిది ఇలాజా, తమాషానా?" అంటుంది. వైద్యం కాదంటూనే, పిల్ల బూట్లు తనే తొడిగి ముందుగా గుమ్మం దగ్గర నిలబడుతుంది.

ఒకటే ఫికర్. మిషన్ ఒక్కటే, సీట్లు పన్నెండు. జనవరి 24న పరీక్ష పెడతారు. చెయ్యి మెరుగుపడిన పిల్లలకు ఇంకో ఆరు నెలలు ఆటలుంటాయి. పడని పిల్లల సీట్లు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు పోతాయి. నలభై మంది ఉన్నారట. దువా చేయండి.

రాసినది సుమయ్య
కాగితం పట్టినది ముస్కాన్

*

ఉట్నూరు
22 నవంబరు 2024

సుమయ్యా,

మేడమ్ అనడం మానకపోతే జవాబు రాయను. అక్కా అను. మూడేళ్లు నీ బిడ్డ కాళ్లు చేతులు పట్టి గుంజినదాన్ని, ఆ మాత్రం చుట్టరికం లేదా?

నీ ఉత్తరం చదివి మా క్వార్టర్ గుమ్మంలో ఒంటరిగా నవ్వుకున్నాను. కాగితం ఎడమ మూల నలిగి ముద్దయింది. ఆ నలుగుడును వేలితో తడిమి చూశాను. అంత బలం ఆ పిడికిట్లో ఉందని తెలిసింది, చాలు. ప్రతి ఉత్తరంలో నీ మాటలకంటే ముందు ఆ మూల చూస్తానని ముస్కాన్‌కు చెప్పు.

నిజం చెప్పనా, డబ్బా సంగతి చదవగానే కాస్త కుళ్లుకున్నాను. ముస్కాన్ చేతిలో లోపం లేదని నీకు ఎన్నోసార్లు చెప్పాను. పుట్టిన పూట ఊపిరి అందక మెదడులో ఒక చోట దెబ్బ తగిలింది. అక్కణ్నుంచి చేతికి పోయే కబురు దారి తప్పుతోంది. సెరిబ్రల్ పాల్సీ అని ఫైల్లో రాసేది దాన్నే. కబురు ఎన్నిసార్లు పంపితే దారి అంత పడుతుంది. నేను ఇరవైసార్లు చెయ్యి లేపించాలంటే పాటలు, కథలు, చాక్లెట్లు అన్నీ అయ్యేవి. ఆ కుందేలు ముందు రెండొందలసార్లు లేపుతుంది, లేపినట్టు దానికే తెలియదు. నేను చేయలేనిది ఆ డబ్బా చేస్తే దానికి దండం పెడతాను. షౌకత్ అమ్మకు కూడా అదే మాట చెప్పు. మూడో అంతస్తుకు పిల్లను చంకనెత్తుకుని ఎక్కిన మనిషి ఆమె. లిఫ్ట్ లేదని ఒక్కరోజు సణగలేదు.

నేను బయలుదేరిన రోజు ముస్కాన్ ఇచ్చిన జామకాయ నిర్మల్ దాటాక బస్సులో తిన్నాను. తీయగా ఉంది.

మీ సుజనక్క

*

కిషన్‌బాగ్
12 డిసెంబరు 2024

సుజనక్కా,

ఈసారి కాగితం మీద చపాతీ కర్ర పెట్టి రాస్తున్నాను. ముస్కాన్ బడికి పోయింది. అది చదవకూడని ఉత్తరం ఇది. కూడబలుక్కుని తెలుగు చదవడం నేర్చింది, ఇంట్లో ఏ కాగితమూ దాచలేకపోతున్నాను.

రెండు వారాల కింద కొత్త ఆట పెట్టారు. హోటల్ ఆట. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు మన పిల్లల కోసం తయారు చేశారట. అచ్చం మన ఇరానీ చాయ్ హోటలే. పాలరాతి బల్లలు, గోడ మీద గడియారం, గాజు పెట్టెలో ఉస్మానియా బిస్కెట్లు. గిరాకీలు వస్తారు, చాయ్ కప్పు ఎడమ చేత్తో తీసి వాళ్లకు అందించాలి. అరచెయ్యి పైకి తిప్పి, మోచెయ్యి చాపి ఇవ్వడమే ఇలాంటి పిల్లలకు అన్నిటికంటే కష్టమని, అందుకే జనవరి పరీక్ష ఈ ఆటలోనే పెడతామని వెస్లీ సర్ చెప్పారు. నలభై మంది గిరాకీలు, నలభై కప్పులు.

ముస్కాన్‌కు సున్నా.

ఒకరోజు కాదక్కా, వరసగా ఆరు రోజులు సున్నా. కప్పు పట్టుకుంటుంది. బల్ల దాకా తెస్తుంది. గిరాకీ ముఖం చూడగానే చెయ్యి ముడిచి పొట్టకు ఆనించుకుంటుంది. మిషన్ చెడిపోయిందేమోనని వెస్లీ సర్ ఇంకో పిల్లకు పెట్టి చూశారు. ఆ పిల్ల పద్దెనిమిది కప్పులు ఇచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అందామన్నా మద్దెల బాగానే ఉంది. "చెయ్యి లేస్తుందమ్మా, బెలూన్ల ఆటలో నేనే చూసిన. ఇయ్యమంటే మాత్రం ముడుచుకుంటది. ఏందో సమజ్ అయితలేదు" అన్నారు. పాపం, ఆయన కూడా దిగులుగానే ఉన్నారు.

ఎందుకివ్వవే అని అడిగితే ముస్కాన్ తల దించుకుంటుంది. గట్టిగా అడిగితే ఏడుస్తుంది. నేను గట్టిగానే అడుగుతున్నాను అక్కా, అబద్ధం చెప్పను. మా ఆయన రిజ్వాన్ పత్తర్‌గట్టి బట్టల షాపు నుంచి రాగానే ముందు అడిగేది అదే, "ఈ రోజు ఎన్ని కప్పులు?" సున్నా అనగానే ఆ పిల్ల ముఖం చూడలేం.

మీరు ఆ సెంటర్‌లో పనిచేసినవారు. పరీక్షతో పని లేకుండా సీటు ఉంచమని వెస్లీ సర్‌కు ఒక మాట రాయరూ? ఎనిమిదేళ్లకు దొరికిన సంతోషం. ఇప్పుడు పోతే ఆ చెయ్యి మళ్లీ లేవదేమోనని భయంగా ఉంది.

సుమయ్య
కాగితం పట్టినది చపాతీ కర్ర

*

ఉట్నూరు
19 డిసెంబరు 2024

సుమయ్యా,

వెస్లీకి సిఫారసు రాయను. కోపం తెచ్చుకోకు. వెయిటింగ్‌లో ఉన్న నలభై మందికీ తల్లులున్నారు. వాళ్లలో సగం మంది పేర్లు సెంటర్ పుస్తకంలో రాసింది నేనే.

ఒక పని చెప్తాను, చెయ్యి. బెలూన్లకు లేచే చెయ్యి, కుందేలుకు క్యారెట్ ఇచ్చిన చెయ్యి, హోటల్లో ఎందుకు ముడుచుకుంటుంది? బలం లేక కాదు. అక్కడ ముస్కాన్‌కు ఏదో కనబడుతోంది. లాప్‌టాప్‌లో చూస్తే నీకు అది తెలియదు. వెస్లీని అడిగి ఆ డబ్బా నువ్వు కట్టుకో. ఎడమ చేత్తో నువ్వు ఆ గిరాకీలకు చాయ్ ఇచ్చి చూడు. సిగ్గుపడకు, పెద్దవాళ్లకు కూడా పడుతుంది. అప్పటిదాకా కప్పులెన్ని అని ఇంట్లో ఎవరూ అడగొద్దు. రిజ్వాన్‌కు నా మాటగా చెప్పు.

సుజనక్క

*

కిషన్‌బాగ్
2 జనవరి 2025

అక్కా,

మీరు చెప్పినట్టే చేశాను. వెస్లీ సర్ నవ్వకుండా కట్టారు, ముస్కాన్ మాత్రం నవ్వింది.

కళ్ల ముందు హోటల్. తలుపు తోసుకుని ఒక ముసలాయన వచ్చాడు. తెల్ల గడ్డం, నెత్తిన టోపీ. "సలాం బేటా, ఏక్ చాయ్" అన్నాడు. నా ఎడమ చెయ్యి కప్పు తీసింది. బల్ల దాకా తెచ్చింది. ఆయన ముఖం చూశానో లేదో, చెయ్యి ఆగిపోయింది. ముందుకు పోదు! కుడి చెయ్యి తనంతట తానే లేచింది. మిషన్ కుడి చేతిని లెక్కలోకి తీసుకోదు. ముసలాయన కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. తర్వాత బుర్ఖా వేసుకున్న ఒక పెద్దావిడ. మళ్లీ అంతే. ఏ జబ్బూ లేని నా చెయ్యి, ఉత్త బొమ్మల ముందు రాలేదు.

డబ్బా విప్పేసి ముస్కాన్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగాను. అప్పుడు చెప్పింది. "ఉల్టా హాత్‌తో పెద్దోళ్లకు ఎట్లిస్త అమ్మీ? తప్పు గదా. కుందేలుకు ఏం తెల్వదు, గందుకే ఇచ్చిన."

విన్నారా అక్కా? మన పిల్లలకు ఇల్లులాగా ఉండాలని ఆ కాలేజీ పిల్లలు ప్రేమగా మన తాతలను, అవ్వలను తెచ్చి నిలబెట్టారు. నా బిడ్డ వాళ్లకు మర్యాద చేసి సున్నా తెచ్చుకుంటోంది.

ఇదంతా మా అత్తమ్మ నేర్పిందే. రెండేళ్ల కింద మా మరిది జీషాన్ పెళ్లి విందు వలీమాలో ముస్కాన్ ఒక గ్లాసు నీళ్లు ఎడమ చేత్తో పట్టుకుని ఒక పెద్దమనిషికి ఇవ్వబోయింది. పట్టుకోగలిగానని దానికి సంబరం. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని "ఉల్టా హాత్‌తో ఇస్తవా? ఇంట్ల అదబ్, మర్యాద నేర్పలేదా?" అన్నాడు. అంతమందిలో మా అత్తమ్మ దాని ఎడమ చేతి మీద చెళ్లున కొట్టింది. ఆ చెయ్యి ముడుచుకున్నది ఆ రోజే. రాత్రి రిజ్వాన్‌కు ఈ మాటే చెప్పాను. అత్తమ్మ వంటింట్లో నుంచి విన్నది, కిమ్మనలేదు. తప్పు చేసినవాళ్లు ఏం మాట్లాడతారు? పొద్దున్నే బార్కస్‌లో వాళ్లన్న గులాం నబీ ఇంటికి వెళ్లిపోయింది. మంచిదే, ఇల్లు కొన్నాళ్లు నిమ్మళంగా ఉంటుంది.

పరీక్షకు ఇరవై రెండు రోజులే ఉంది. ఇవ్వొచ్చు బేటా అని వందసార్లు చెప్పాను. తల ఊపుతుంది, చెయ్యి రాదు. మీరు డాక్టరమ్మ హోదాలో మా అత్తమ్మకు గట్టిగా ఒక ఉత్తరం రాయండి. నేను చదివి వినిపిస్తాను.

ఎందుకో నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. ముస్కాన్‌ను పట్టుకోమంటే కాగితం పట్టనంది. మళ్లీ చపాతీ కర్రే.

సుమయ్య

*

ఉట్నూరు
8 జనవరి 2025

సుమయ్యా,

షౌకత్ అమ్మకు ఉత్తరం రాయను. రాయడానికి నాకు అర్హత లేదు. ఎందుకో చెప్తాను, చదివాక నువ్వు నన్ను అక్కా అనకపోయినా సరే.

నేను వచ్చేసిన రోజు ముస్కాన్ జామకాయ ఇచ్చిందని రాశాను కదా. సగమే రాశాను. మెట్ల దగ్గర నన్ను ఆపి, ఫ్రాకు జేబులోంచి కాయ తీసి ఎడమ చేత్తో చాపింది. మూడేళ్లు నేను ఏ కదలిక కోసం ఆ పిల్ల వెంటపడ్డానో అదే. అరచెయ్యి పైకి, మోచెయ్యి ముందుకు. నేను ఏం చేశానో తెలుసా? నా చేతినిండా సంచులు, బస్సుకు టైమవుతోంది. "కుడి చేత్తో ఇయ్యాలె తల్లీ" అన్నాను. అలవాటుగా నోట్లోంచి వచ్చింది. మా అమ్మ నాకు నేర్పిన మాట, చర్చిలో కానుక వేసేటప్పుడు మా నాన్న చెవిలో చెప్పిన మాట. అది గబగబా కాయను కుడి చేతికి మార్చుకుని ఇచ్చింది. నేను తల నిమిరి దిగిపోయాను. బస్సు నిర్మల్ దాటాక కాయ కొరికినప్పుడు గాని నేనన్నది నాకు వినపడలేదు.

ఫిజియోథెరపిస్టును సుమయ్యా నేను. ఆ చెయ్యి లేపడానికే జీతం తీసుకున్నాను. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే ఈ మాట రాద్దామనుకుని, సిగ్గుపడి, తీయగా ఉందని రాసి ఊరుకున్నాను.

కాబట్టి ఒక్క ముసలమ్మను బోనులో నిలబెట్టకు. ఆ చెయ్యిని మనందరం కలిసి ముడిచాం. నువ్వు వందసార్లు చెప్పినా చెయ్యి రావడం లేదంటే దానికి ఇవ్వడం రాక కాదు, తీసుకునేవాళ్లు ఏమనుకుంటారో అని. ఆ భయం తీసుకునేవాళ్లే తీర్చాలి. ముస్కాన్ దృష్టిలో అందరికంటే పెద్ద ఎవరో నీకు తెలుసు. ఆమెను పిలుచుకురా.

సుజన

*

కిషన్‌బాగ్
27 జనవరి 2025

సుజనక్కా,

అక్కా అనే అంటాను. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు రాసింది చదువుతుంటే నా ముఖం మండింది, మీ తప్పుకు కాదు.

వలీమాలో ముస్కాన్‌ను కొట్టింది మా అత్తమ్మ కాదు. నేను.

ఆ పెద్దమనిషి మా అత్తమ్మ అన్న గులాం నబీ మామే. అదబ్ నేర్పలేదా అనగానే అందరూ నా వైపు చూశారు. షాద్‌నగర్ నుంచి వచ్చిన కోడలు పిల్లను ఎట్లా పెంచిందో చూడండి అన్నట్టు తోచింది. కొట్టేశాను. అత్తమ్మే పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుంది. ఆ రాత్రి రిజ్వాన్‌తో "మీ అమ్మ చేసిన పనే" అని నేను అన్నప్పుడు ఆమె కిమ్మనలేదని రాశాను, అదీ అబద్ధమే. వంటింట్లోంచి వచ్చి "హా, నేనే కొట్టిన. గిప్పుడేమంటవ్?" అంది. ముస్కాన్ నా ముఖం చూసింది. అప్పటినుంచే నా కాగితం పట్టడం మానేసింది అక్కా. అది పట్టకపోవడమే సరైనది.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే ముస్కాన్‌ను తీసుకుని బార్కస్ వెళ్లాను. గులాం నబీ మామ ముందే, ఆయన కోడళ్ల ముందే జరిగింది జరిగినట్టు చెప్పి అత్తమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఎందుకు మీ మీద వేసుకున్నారని అడిగాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరడం ఆపలేదు.

"రిజ్వాన్‌కు నీ మీద గరం వస్తే ఇంట్ల లొల్లి అయితది, పోరి పరేషాన్ అయితది. నా మీద వస్తే ఎన్ని దినాలుంటది? నేను వాని అమ్మను. రెండు పూటలు మొకం ముడుస్తడు, మూడో పూట దాల్చా అడుగుతడు" అంది.

ఇంత మనిషిని తిట్టి మూడు పేజీలు మీకు రాశాను. ఆ ఉత్తరం చింపేయండి.

మర్నాడు ఆమె సెంటర్‌కు వచ్చింది. మూడంతస్తులు ఆగి ఆగి ఎక్కింది. కుర్చీ తెప్పించుకుని, డబ్బా కట్టుకున్న ముస్కాన్‌కు ఎదురుగా, అడుగు దూరంలో కూర్చుంది. ఆటలో గిరాకీ వచ్చాడు. ముస్కాన్ కప్పు తీసి బల్ల దాకా తెచ్చి ఆగిపోయింది. అత్తమ్మ తన చెయ్యి చాపి అంది, "దే బేటా. నాకియ్యి."

"దాదీ, ఉల్టా హాత్."

"తెలుసు. అదబ్ ఎవరి కోసం బేటా? తీసుకునేటోళ్ల కోసం. తీసుకునేది నేను. నాకు ఆ చేత్తోనే కావాలె. ఇంకో చేత్తో ఇస్తే తాగ."

అక్కా, వేళ్లు ముందు మూసుకుని, తర్వాత విచ్చుకున్నాయి. మోచెయ్యి ముందుకు వచ్చింది. లాప్‌టాప్‌లో ముసలాయన కప్పు అందుకున్నాడు, ఇక్కడ ఒట్టి పిడి పట్టుకున్న ఆ చెయ్యిని అత్తమ్మ రెండు చేతులతో అందుకుంది. గాల్లోనే చాయ్ తాగి "మస్తు మీఠా" అంది. తమాషా అన్న మనిషి! ఆ రోజు ఒక్క కప్పే. వెస్లీ సర్ గోడ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

24న పరీక్షకు పెద్దవాళ్లు లోపలికి రాకూడదు. దాదీ తలుపు అవతల నిలబడింది. ముస్కాన్ పదకొండు కప్పులు ఇచ్చింది. నలభైలో పదకొండే. మిగతా పిల్లల్లో ముప్ఫై దాటినవాళ్లున్నారు. కానీ సున్నా నుంచి ఇంత దూరం వచ్చిన పిల్ల ఇంకెవరూ లేరని రాసి సీటు ఉంచారు. ఇంకో ఆరు నెలలు!

అల్లాకు షుకర్. ఆ మిషన్ చేసినవాళ్లకు, వెస్లీ సర్‌కు షుకర్. సిఫారసు రాయనన్నందుకు మీకు ఎంత చెప్పుకున్నా తక్కువే. రాసి ఉంటే సీటు దక్కేదేమో, నా చెయ్యి ఆ డబ్బాలో ఎందుకు ఆగిందో నాకు ఎన్నటికీ తెలిసేది కాదు.

ముస్కాన్‌కు కూడా సారీ చెప్పాను. "నువ్వు రాయి అమ్మీ, నేను పడ్త" అంది. ఎడమ మూల చూడండి.

సుమయ్య
కాగితం పట్టినది ముస్కాన్

*

కిషన్‌బాగ్
17 మార్చి 2025, రంజాన్

సుజనక్కా,

పని తెమలడం లేదు, చిన్న ఉత్తరం.

వెస్లీ సర్ ఆ కాలేజీ పిల్లలకు చెప్పి హోటల్ ఆట మార్పించారు. ఇప్పుడు గిరాకీ ఊరికే నిలబడడు. ముందు తనే చెయ్యి చాపుతాడు, "ఆ చేత్తోనే ఇయ్యి బేటా" అని వినబడుతుంది. ఎవరి గొంతనుకున్నారు? మా అత్తమ్మదే. ఫోన్‌లో రికార్డు చేసుకుని వెళ్లారు. పన్నెండు మంది పిల్లలకూ ఇప్పుడు షౌకత్ బీయే దాదీ. ఈమె నడక చూడాలి, కిషన్‌బాగ్ రోడ్డు చాలడం లేదు.

నిన్న ఇఫ్తార్‌కు బార్కస్ వాళ్లందరినీ పిలిచాం. అజాన్‌కు ముందు ముస్కాన్ ఖర్జూరాల పళ్లెం కుడి చేత్తో పట్టుకుని, ఒక్కొక్కటి ఎడమ చేత్తో తీసి ఇస్తూ వచ్చింది. గులాం నబీ మామ దగ్గరకు రాగానే నేను వంటింటి గుమ్మంలో ఆగాను. పిల్ల కూడా ఆగింది. ఆయన రెండు చేతులూ చాపాడు. "ఇయ్యి బేటా. ఆ దినం నీళ్లు తాగలే నేను. ఇగ నా రోజా నీ చేత్తోనే ఇప్పుతా" అన్నాడు. పిల్ల ఖర్జూరం ఆయన చేతుల్లో పెట్టింది.

మిగిలిన చోటు ముస్కాన్ తనకు కావాలంది.

సుజన ఆంటీ. ఇది నేనే రాసిన. కాగితం గూడ నేనే పట్టిన. అమ్మీ దూరం కూసున్నది. నిన్న 26 కప్పులు ఇచ్చిన. ఈద్‌కు రా. ముస్కాన్.

*

ఉట్నూరు
24 మార్చి 2025

ముస్కాన్ తల్లీ,

ఈ అక్షరాలు చూసి నవ్వకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. ఈ కొంచెం రాయడానికి గంట పట్టింది. నువ్వు రోజూ ఎంత కష్టపడతావో నాకు ఇప్పుడు తెలిసింది.

నీ కాగితం మూల నలగలేదు. మెత్తగా, పరిచిన వేళ్లతో పట్టావు. ఆ కాగితాన్ని మా సెంటర్ గోడకు పెట్టాను.

నువ్వు నాకు ఒకసారి జామకాయ ఇచ్చావు. నేను తప్పు మాట అన్నాను. నన్ను మాఫ్ చెయ్యి.

ఈద్ మర్నాడు బస్సు దిగి నేరుగా మీ ఇంటికే వస్తాను. సంచులు తేను. ఒక జామకాయ దాచి పెట్టు. గుమ్మంలోనే నిలబడతాను, రెండు చేతులూ చాపి.

ఆ చేత్తోనే ఇవ్వు.

నీ సుజన ఆంటీ